వాగు నీళ్ళు ఎందాకా వచ్చాయి

మిరపకాయలు ఎండబోసుకునే మా కల్లంలో ఇల్లు కట్టాలని మూడేళ్ళ కిందట నిశ్చయించుకున్నాం. కల్లానికి కూతవేటు దూరంలో వాగు. ఏడాదిలో పది నెలలు ఆ వాగులో కుక్కలు పడుకుంటాయి. వానలు బాగా పడితే మిగతా రెండు నెలలూ కాసిని నీళ్ళు పారతాయి. మా ఆయనకి రెండేళ్ళప్పుడు ఒక్కసారి మాత్రం తుఫానుకి పొంగి ఊళ్ళోకి వచ్చిందట. నేను కనిగిరి వైపు నుంచి వచ్చిన కోడల్ని. మెట్టప్రాంతం మాది. నీళ్ళు ఎక్కువయ్యాయని బాధపడే మనిషిని నేనక్కడ చూడలేదు.

మేస్త్రి రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపమంటారు మేడం?" అని. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని కాబట్టి ఇంట్లో కొలతలన్నీ నా నెత్తినే పడతాయి. గ్రామ సచివాలయానికి వెళ్ళాను. సర్వేయర్ గారు ఫోన్లో మ్యాప్ తీసి చూపించారు. ముంపు వచ్చే చోటంతా నీలం రంగు. ఆ రంగు అంచు మా కల్లం మీదుగా ఏటవాలుగా పోతోంది. దాని లెక్కన మేం కట్టబోయే వంటిల్లు మునుగుతుంది, పడగ్గది మునగదు.

"అయితే వంటింటి తలుపేసుకుంటే సరిపోతుందాండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "రంగు బయట ఉన్నాం కదా అని ధీమాగా ఉండకూడదు మేడం. నీళ్ళు ఈ గీత చూసుకుని ఆగవు. పైగా ఎంత లోతు వస్తుందో ఇందులో లేదు. పాత వరదకి ఎందాకా వచ్చాయో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. దాని పైన ఇంకో అడుగు లేపుకోండి" అన్నారు.

అడగడం ఎంతసేపు అనుకుని నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరాను. వరదని అడుగుల్లో చెప్పే మనిషి మా ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. పక్కింటి బాబాయి మోకాల్లోతు అన్నాడు. ఎదురింటి పిన్ని మొలలోతు అంది. పిండిమర ఆయన తన మెడ మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడికండీ" అన్నాడు. బాబాయి తాడిచెట్టంత పొడుగు, పిన్ని నా భుజం దాకా వస్తుంది. ఎవరి మోకాలు, ఎవరి మొల అని నేను తల పట్టుకుంటే, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అబద్ధాలకోరు అని తిట్టుకోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండి, ఆదివారం పొద్దున ముగ్గురినీ కల్లానికి రమ్మన్నాను.

కల్లం పక్కన కరెంటు స్తంభం ఉంది. చాక్‌పీసు పట్టుకుని ఒక్కొక్కరినీ దాని పక్కన నిలబెట్టాను. బాబాయి మోకాలి దగ్గర గీత గీస్తుంటే అనుమానం వచ్చి అడిగాను.

"బాబాయ్, ఆ రోజు నువ్వెక్కడ నిలబడ్డావ్?"

"మా అరుగు మీద. నీళ్ళలోకి దిగటానికి నాకేమన్నా పిచ్చా?"

ఆ అరుగు ఎత్తు రెండడుగులు. గీత చెరిపి పైన గీశాను. పిండిమర ఆయన మెడ దగ్గర గీత గీశాక తెలిసింది, వరదప్పుడు ఆయన రెండో తరగతి చదువుతున్నాడని. మర్నాడు స్కూల్లో రెండో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి నేల దగ్గర్నుంచి మెడ దాకా టేపుతో కొలిచాను. టీచరు తమ మెడల మీద ఎందుకు పడిందో అర్థంకాక పాపం వాళ్ళు బిగుసుకుపోయారు. ఇన్ని తంటాలు పడ్డాక ముగ్గురి గీతలూ జానెడు తేడాలోకి వచ్చాయి. దగ్గర దగ్గర మూడున్నర అడుగులు. ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికి వచ్చి చెప్పాను.

"చీలమండ తడిసింది, అంతే" అంది మా అత్త.

నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ మాట అదే. "ఆ రోజు అమ్మ ఇక్కడే ఉందిగా, అమ్మకి తెలీదా?" అని మా ఆయన వంత పాడాడు. నేను ఊరుకోలేదు. నాలుగున్నర అడుగులు లేపాల్సిందే అన్నాను. అప్పుడు ఆవిడ అసలు సంగతికి వచ్చింది.

"ఎప్పుడో నలభై ఏళ్ళకోసారి వచ్చే వాగు కోసం రోజూ నా మోకాళ్ళు అరగదీస్తావా అమ్మాయ్? అన్ని మెట్లు కడితే ఎక్కినదాన్ని దిగను, దిగినదాన్ని ఎక్కను."

మెట్లు తగ్గించమని డాక్టరు చెప్పిన మాట నిజం. మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఊరందరి సంగతులూ చెప్పుకోకపోతే ఆవిడకి అన్నం సహించదు. ఆ ఇంట్లో ఆవిడని పైన కూర్చోబెట్టేస్తే ఆ కబుర్లన్నీ పోతాయి. వారం రోజులు వాదించి చివరికి నేనే తగ్గాను. నాలుగు మెట్లు, రెండడుగులు. సాక్ష్యాలన్నీ చేతిలో పెట్టుకుని కూడా ఇంట్లో గొడవ పడలేక ఒప్పుకున్నాను. అది నా పిరికితనమే.

ముగ్గు పోసిన రోజు మా ఆయన సాయం పడుతుంటే మేస్త్రి కర్రలు పాతి రెండడుగుల ఎత్తున దారం కట్టాడు. మా అత్త టార్పాలిన్ పట్టా నీడలో మంచం మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. వాగు వైపు గది ఎవరికని మేస్త్రి అడిగాడు.

"మా అమ్మాయికి. గాలి బాగా వస్తుంది" అన్నాను.

మా అత్త చెయ్యి ఆగింది. "దాని మంచం ఎక్కడేస్తారు?"

"ఇదిగో, ఈ కిటికీ కింద."

ఆవిడ కాసేపు ఆ దారం వైపు చూసింది. "చెయ్యి పట్టు" అంది. పట్టుకుని లేపాను. నన్ను ఆసరా చేసుకుని కరెంటు స్తంభం దాకా నడిచి, తన గుండెకి సరిగ్గా ఎదురుగా అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడి దాకా వచ్చాయి."

"చీలమండ అన్నారుగా!"

"అన్నాను. వీణ్ణి నెత్తిన పెట్టుకుని ఈ స్తంభాన్నే కావిలించుకుని నిలబడ్డా. తెల్లారేదాకా ఏడుస్తా నా జుట్టు పీకుతానే ఉన్నాడు సన్నాసి."

సన్నాసి అంటే మా ఆయన. ఆయనకీ ఈ సంగతి తెలియదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్తంభం వంక చూస్తూ నిలబడిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తున్నానని ఎవరూ చూడకుండా ముక్కు చీదుకున్నాను.

మేస్త్రి మెల్లగా లెక్క చెప్పాడు. "దీనిపైన ఇంకో అడుగంటే తొమ్మిది మెట్లు పడతాయి పెద్దమ్మా."

"పడనియ్. పిల్ల మంచం తడవకూడదు."

వెనక్కి నడిపించుకొస్తూ ఉండబట్టలేక అడిగాను, ఇన్నేళ్ళూ ఎందుకు దాచారని.

"పెళ్ళి మాటలకొచ్చిన రోజు మీ నాన్న ఈ వాగు చూసి అడిగాడు, ఊళ్ళోకి వస్తుందా అని. గుండె దాకా వచ్చిందంటే నిన్నిచ్చేవాడా?"

మా నాన్న సంగతి నాకు తెలుసు. ఇచ్చేవాడు కాదు. ఆ మాటే అన్నాను.

"మరి?" అంటూ ఆవిడ తన బరువంతా నా భుజం మీద వేసి మంచం మీద కూర్చుంది.