రెండు పేర్ల రేవు

2017 జూన్‌లో నన్ను నల్లగొండ జిల్లా పడమటి కొసకు రోడ్ల డీఈగా వేశారు. కింది ఏఈలు రాసిన అంచనాలు సరిచూసి పైకి పంపడం డీఈ పని. రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలాయి, ఓపిక అంతకన్నా తక్కువే మిగిలింది. చేతికొచ్చిన మొదటి ఫైలు వాగు మీద వంతెనది. ఇవతల మా జిల్లా రాసిపల్లి, అవతల పాత మహబూబ్‌నగర్ జిల్లా గుండ్లగడ్డ. పూర్వం పుట్టిలో దాటేవారట. తర్వాత రోడ్డాం వేశారు, అంటే నీళ్లు పైనుంచి పారే దారి. వాగొస్తే అది ఉన్నా లేనట్టే.

రాసిపల్లి గొర్లకాపరి ఎల్లయ్య తరచూ ఆఫీసుకు వచ్చేవాడు. అతని భార్య లచ్చమ్మకు డయాలసిస్ చేసే దవాఖాన అవతలి పట్నంలో ఉంది. "సారూ, మీ కాయిదాలు ఆగుతయి గని, మా ముసల్దానికి మంగళారం, శుక్కురారం ఆగయి" అనేవాడు.

మా ఏఈ రాసిపల్లిలో అడిగి "గుండ్లగడ్డ రేవు వద్ద వంతెన" అని రాశాడు. నేను సంతకం పెట్టాను. గుండ్లగడ్డ మన పరిధి కాదని పై ఆఫీసు తిప్పి పంపితే, ఫైలు పక్క జిల్లాకు బదిలీ చేశాను. వాళ్లు గుండ్లగడ్డలో విచారించి, అది "రాసిపల్లి రేవు", మీదేనని వెనక్కి పంపారు. వాళ్లకు మ్యాపు చదవడం రాదని నవ్వుకున్నాను కూడా. ఏడాది ఇలాగే తిరిగింది.

మరుసటి వానకాలంలో ఒక వారం, సోమవారం నుంచి శనివారం దాకా వాగు తగ్గలేదు. చుట్టుదారి కూడా మునిగింది. రెండు డయాలసిస్‌లు తప్పి లచ్చమ్మ చనిపోయింది.

పరామర్శకు వెళ్లాను. రేవుకు రెండు పేర్లెందుకని అక్కడ అడగడం తప్పే, అయినా అడిగాను. ఎల్లయ్యే చెప్పాడు.

"ఏడికి వోతే ఆ ఊరి పేరే అంటం గద సారూ. ఉన్న ఊరి పేరు ఎవలు పెట్టుకుంటరు?"

మర్నాడు రెండు పేర్లూ ఒకే రేవువని, రెండు ఒడ్ల సర్వే నంబర్లతో ఒక పేజీ రాసి పంపాను. గంట పట్టింది. రెండు నెలల్లో వంతెన మంజూరైంది. సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

సరిహద్దు పనైతే అవతలి ఒడ్డున కూడా పేరు అడిగాకే సంతకం పెట్టాలని అప్పుడు నేర్చుకున్నాను. నేను చేరిన జూన్‌లో వాగు ఎండే ఉంది. దాటడానికి ఐదు నిమిషాల నడక. నేను నడవలేదు.