పదకొండు బారల లోతు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి చెడగొట్టే రకం నేను. తెనాలిలో మా పిన్నులకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఈసారి ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను. జవాబు దొరకలేదు.

బాపట్లలో ఒక చిన్న ప్రయోగశాలలో నా ఉద్యోగం. చేపలకు మేతయ్యే ఆవగింజంత జీవులు సముద్రం నిండా ఉంటాయి. సోనార్ శబ్దంతో వాటిని వెతికి, కెమెరాతో ఫొటోలు తీసే పరికరం తయారుచేస్తున్నాం. పరీక్షించడానికి రేపల్లె వైపు రేవు నుంచి అద్దె పడవలో వెళ్ళేవాళ్ళం.

ఆ పడవలో తాడు పట్టేది పోలయ్య బాబాయి. పరికరాన్ని చేత్తో దించుతూ, రెండు చేతులు చాచినంత తాడు వదిలి, అంటే బారకొకసారి, ఆగేవాడు. “మెల్లగా దించాలమ్మా. బెదిరాయంటే ఒక్కటి కూడా నీ ఫొటోలో పడదు” అనేవాడు. ఎప్పుడో భుజం విరిగి చెయ్యి పూర్తిగా చాచలేడు. అందుకే ఆయన బార ఐదడుగులే. పైకి లాగేటప్పుడూ అలాగే ఆగేవాడు. లోతు చూపించే గ్రాఫులో గీత మెట్లు మెట్లుగా వచ్చేది.

ఆ మెట్లు నాకు నచ్చలేదు. తాడును దానంతటదే దించి లాగే మోటారు వించి పెట్టించి, ఇక రానక్కర్లేదు బాబాయ్ అని చెప్పేశాను. “సరేనమ్మా” అన్నాడు, అంతే.

వేట పడవలో కుదిరాడు. మూడో వారంలో గాలివానకు అది బోల్తాపడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ వచ్చారు. బాబాయి రాలేదు, శవమూ దొరకలేదు. తప్పు నాదేనని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఆయన భార్య మంగమ్మ పిన్ని కార్యం చేయనివ్వలేదు. ఏదో ఒక ఒడ్డున పడి ఉంటాడు, వస్తాడు అనేది.

నెల తర్వాత, పట్టపగలు, వించితో పరికరాన్ని దించాం. బటన్ మీద వేలు నాదే. మోటారు ఎక్కడా ఆగలేదు. తిరిగొచ్చి గ్రాఫు తీస్తే దిగే గీత మెట్లు మెట్లుగా ఉంది. ఐదడుగులకొకటి చొప్పున పదకొండు. మెట్టు దగ్గర తీసిన ప్రతి ఫొటోలో జీవుల మీసాలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పైకి వచ్చే గీత మాత్రం నున్నగా ఉంది.

సెన్సర్ మార్చాను. ట్యాంకులో దించి చూశాను. మళ్ళీ సముద్రానికీ వెళ్ళాను. మెట్లు ఇంకెప్పుడూ రాలేదు.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఉండబట్టలేక ఆ కాగితం పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఏది లోతో, ఏ గీత ఎటు వెళ్తుందో చూపించాను. వేలితో మెట్లు లెక్కపెట్టి, “ఆయన బారేనమ్మా” అంది. ముఖం కాస్త తేటపడింది.

తర్వాత అడిగింది, “మరి పైకొచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాడు?”

పిన్నే రెండో గీత మీద వేలు పెట్టి అడుగు నుంచి పై దాకా వెళ్ళింది.

“పైకి రాలేదన్నమాట” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారమే కార్యం చేయించింది. ఆ గ్రాఫు అలా ఎందుకొచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియకుండానే, ఆయన ఇక రాడన్న కబురు ఆ ఇంటికి మోసుకెళ్ళింది నేనే.