రాజమణక్క సాక్ష్యం

మొన్న మా అమ్మాయి కవితకు జ్వరమొస్తే జనగామలో దవాఖానకు తీసుకెళ్లాను. సూది వేసే ముందు నర్సు దూదిని స్పిరిటులో తడిపి దాని జబ్బకు రుద్దింది. ఆ చల్లని ఘాటు వాసన తగలగానే నేను అక్కడ నిలవలేకపోయాను. బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఇన్నేళ్లయినా అంతే. ఆ వాసనతో పాటే రాజమణక్క గుర్తుకొస్తుంది. నాకు కాపర్ టీ పెట్టింది ఆమె. అది నా లోపలే విరిగి నన్ను చావు దాకా తీసుకెళ్లాక, దాన్ని తయారుచేసిన కంపెనీ మీద నేను వేసిన దావాలో నా తరఫున నిలబడి సాక్ష్యం చెప్పిందీ ఆమే.

రాజమణక్క రఘునాథపల్లి దగ్గర మా ఊరి సబ్ సెంటర్లో నర్సు. పొడగరి, మాట కరుకు. కడుపుతో ఉన్నవాళ్లు నాట్లు వేస్తుంటే పొలం ఒడ్డు మీద నిలబడి, వాళ్లు ఐరన్ గోళీ మింగేదాకా కదిలేది కాదు. కవిత పుట్టాక మా అత్త వెంటనే మగపిల్లవాడు కావాలని పట్టుబట్టింది. నా ఒంట్లో రక్తం లేదు. మా ఆయన సదానందం ఎటూ చెప్పలేక ఊరుకున్నాడు. అప్పుడు రాజమణక్కే మా ఇంటికొచ్చి అత్తను కూర్చోబెట్టి, బిడ్డకూ బిడ్డకూ ఎడం లేకపోతే కోడలే మిగలదని నచ్చజెప్పింది. నాకు భయమేసి, కాపర్ టీ పెడితే నొప్పి పుడుతుందా అని అడిగితే నా చెయ్యి పట్టుకుంది.

"నేనుంటగద పిల్లా. ఎప్పుడు వద్దనుకుంటె అప్పుడు తీసేస్త" అంది. ఆ మాట నమ్మే వెళ్లాను.

కవిత నడుస్తూ, మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో రెండో బిడ్డ కావాలనిపించింది. అప్పటికే కొన్నాళ్లుగా పొత్తికడుపులో ఏదో గుచ్చినట్లుండేది. తీయించుకుందామని సబ్ సెంటరుకు వెళ్లాను. రాజమణక్క మెల్లగా దారం లాగి, బయటికొచ్చినదాన్ని ట్రేలో వేసి చూసింది. దానికి రెండు కొమ్మలుండాలి. ఒకటే ఉంది. ఆమె మళ్లీ చూసింది. నా దగ్గర ఏమీ దాచలేదు. ఒక ముక్క లోపలే ఉండిపోయిందని చెప్పి, ఆటో పిలిచి, తానే పక్కన కూర్చుని నన్ను మొదట జనగామకు, అక్కణ్ణుంచి వరంగల్‌కు తీసుకెళ్లింది. ఆ ముక్క గర్భసంచిని చీల్చుకుని పేగుల వైపు పోయిందట. చీము పట్టింది. ప్రాణం నిలవాలంటే గర్భసంచి తీసేయక తప్పదన్నారు. తీసేశారు.

వార్డులో మా అత్త రాజమణక్కను నోటికొచ్చినట్లు తిట్టింది. అయినా ఆమె వెళ్లిపోలేదు. నేను మాత్రం ఆమెను చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకరోజు తనతో చదివిన నర్సులను అడిగానని, ఆ కంపెనీ నుంచి వచ్చినవే మరికొన్ని చోట్ల కూడా అలాగే విరిగాయని చెప్పింది. మిగిలిన పెట్టెను పక్కన పెట్టేసి పై అధికారులకు చెప్పానని, వాళ్లు చూస్తామన్నారని అంది. బయటికొచ్చిన సగం ముక్కను ఆమె పారేయలేదు. చిన్న సీసాలో వేసి నా చేతికిచ్చి, కోర్టుకు వెళ్లమంది.

నాకు ఒళ్లు మండింది. "కేసంటు వేస్తె నీ మీదనే వెయ్యాలె" అన్నాను.

"నా మీద గూడ ఎయ్యి. ముందు కంపెనీ మీద ఎయ్యి" అంది రాజమణక్క.

నాలాగే నష్టపోయిన మరో మనిషి తోడుంటే దావాకు బలం వస్తుందని వకీలు అన్నాడు. డోర్నకల్ దగ్గరి తండాలో మంగ్లీ అనే ఆమె ఉందని తెలిసి, రాజమణక్కా నేనూ రైలెక్కి వెళ్లాం. మంగ్లీ మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. చీర పక్కకు జరిపి పొట్ట మీది కోత చూపించింది. కోర్టు మాట ఎత్తగానే మాత్రం గొంతు తగ్గించింది. "నా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం. గివన్ని కోర్టుల చెప్తె దాన్ని ఎవలు చేసుకుంటరు?" అంది. తిరుగు రైల్లో నేను మంగ్లీని పిరికిదని ఆడిపోసుకుంటుంటే, రాజమణక్క కిటికీలోంచి చూపు తిప్పకుండానే, ఆమెను ఏమీ అనొద్దని, చూపించిందే చాలా ఎక్కువని అంది.

సాక్ష్యం రోజు దగ్గరపడ్డాక పై అధికారి ఒకాయన ఆమెకు కబురు పంపాడు. గుర్తులేదంటే సరిపోతుందని, ఉద్యోగం చూసుకోమని. ఆమె ఆ సంగతి నాకు కోర్టు అయ్యాకే చెప్పింది. ఆ రోజు ఆమె బోనెక్కింది. కంపెనీ వకీలు ఒక్కటే పట్టుకున్నాడు. పెట్టడంలోనో, లాగడంలోనో నర్సు పొరపాటు చేసిందనీ, వస్తువులో లోపం లేదనీ.

"నా చేతులతోనే పెట్టిన, నా చేతులతోనే తీసిన. అందరికి తీసినట్టే తీసిన. ఇరిగింది నా చెయ్యి కాదు సార్, గా వస్తువు" అంది రాజమణక్క.

అయితే మీ తప్పేమీ లేదంటారా అని ఆయన అడిగాడు. ఆమె నావైపు చూసింది.

"ఉన్నది. అది మంచిదని నమ్మిన. నన్ను నమ్ముమని ఈ పిల్లకు చెప్పిన."

నేను ఆ రోజు దాకా కోర్టులో ఏడవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమెను భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లికి బదిలీ చేశారు. అది శిక్ష అని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. జనగామ కోర్టులో తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. కంపెనీ పై కోర్టుకు అప్పీలుకు వెళ్లింది. ఆ కబురు చెబుదామని మొగుళ్లపల్లి వెళ్లేసరికి రాజమణక్క మంచం మీద ఉంది. షుగరు ముదిరి కిడ్నీలు పాడయ్యాయి. చేతులు ఉబ్బి, వేళ్లు మడతపడటం లేదు. గెలిచామంటే తలూపింది. అప్పీలంటే కళ్లు మూసుకుంది. అన్నం కలిపి రెండు ముద్దలు పెట్టాను. మూడోది వద్దంది. లేచి వస్తుంటే కూర్చోమని సైగ చేసి, ఎప్పట్నుంచో అడగాలనుకున్నట్లు అడిగింది.

"నా మీద కోపం పోయిందా పిల్లా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆమె ముందు నోరు రాలేదు.

"పోలే అక్కా."

"పోవద్దు" అంది. "కేసు పూర్తిగ ఒడిసేదాక ఉంచుకో. పోయిందంటె ఇంట్ల కూసుంటవు."

ఆ వానాకాలం దాటకుండానే ఆమె పోయింది. అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. నేను జనగామలో కుట్టు మిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. ఇక చాలు, వదిలేయమని సదానందం అప్పుడప్పుడు అంటాడు. అతని అలసట నాకు అర్థమవుతుంది. నాకు మాత్రం ఆ కోపం తగ్గలేదు. అందులో ఎంత కంపెనీ మీదో, ఎంత రాజమణక్క మీదో విడదీసి చెప్పలేను. ఆమె కోసం ఏడ్చిన రోజున కూడా అది నాలో అలాగే ఉంది. వాయిదా వచ్చిన ప్రతిసారీ నన్ను ఇంట్లోంచి లేపి బస్సెక్కిస్తున్నది అదే.