దొరసాని బండి, మందు డబ్బా రేకు

నా చిన్నప్పుడు మాచర్లలో మా పెద్దమ్మ కారు నడిపేది. నడపడమే కాదు, ఇంట్లోనే దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు. అక్కడ పనిచేసిన దొరసాని డాక్టరమ్మ ఇంగ్లండు వెళ్ళిపోతూ తన బండిని పెద్దమ్మ చేతిలో పెట్టింది. గుండ్రటి వీపు ఉన్న నల్లటి ఇంగ్లీషు కారు. ఇంటి పక్కన నాపరాళ్ళు నిలబెట్టి, పైన రేకులు వేసి దానికో పాక కట్టించింది పెద్దమ్మ. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే పాత చీర చుట్టుకుని దాని కిందకి దూరేది.

మా అమ్మా నాన్నా నూజెండ్లలో టీచర్లు. నేను చదువు కోసం పెద్దమ్మ దగ్గర ఉండేదాన్ని. అప్పటికి పదమూడేళ్ళు. బడి వదలగానే గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. కథల పుస్తకాలు అయిపోయాక తేనెటీగల పెంపకం, ఆ తర్వాత గడియారాలు, ఆ తర్వాత మోటారు బండ్ల మరమ్మతు. ఆ చివరి పుస్తకం రెండుసార్లు తెచ్చుకున్నాను. క్లాసులో ఎవరికీ తెలియని సంగతులు నాకు తెలుసని గర్వంగా ఉండేది. ఆ గర్వం తప్పని ఇప్పటికీ అనుకోను.

నెలకోసారి బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకునేది. తీగలు విప్పి, వేడి సోడా నీళ్ళతో కడగడం నా పని. నా పరికిణీలకు యాసిడ్ పడిన చిల్లులుండేవి. తీగలు తిరిగి బిగించడం మాత్రం పెద్దమ్మే చేసేది. ఒక సాయంత్రం నేను కడగడం పూర్తి చేసేసరికి ఆసుపత్రి నుంచి కబురొచ్చి ఆమె వెళ్ళిపోయింది. నేను పుస్తకం తెరిచాను. బ్యాటరీ మైనస్ కొసను బండి ఇనుముకు కలపాలని అందులో ఉంది. పెద్దమ్మ ఎప్పుడూ ప్లస్ కొసను కలిపేది. దొరసాని చేసిన తప్పునే ఇన్నేళ్ళుగా పెద్దమ్మా చేస్తోందని నాకు రూఢి అయిపోయింది. ఎత్తలేక, అటూ ఇటూ ఈడ్చి బ్యాటరీని తిప్పాను. తీగల చివరనుండే ఇనప బిగింపుల్లో ఒకటి కొస మీదకి ఎక్కనంటే సుత్తితో కొట్టి దింపాను. రెండోది వదులుగా ఆడుతుంటే, మందు డబ్బా రేకు చిన్న ముక్క కత్తిరించి సందులో దూర్చాను.

తెల్లవారి పెద్దమ్మ వెల్దుర్తి వెళ్ళాలి. అక్కడొక నిండు గర్భిణి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. నొప్పులు మొదలయ్యేలోపే వచ్చి ఆసుపత్రికి తీసుకెళతానని ఆమెకు పెద్దమ్మ మాటిచ్చింది. బండి వెంటనే స్టార్టయింది. నేను గర్వంగా నిలబడ్డాను. ఇంతలో ముందున్న, కరెంటు చూపే చిన్న మీటరులో ముల్లు ఒక్కసారిగా చివరికంటా పోయింది. రబ్బరు కాలిన వాసన. బానెట్ సందుల్లోంచి పొగ. పెద్దమ్మ ఇంజను ఆపేసింది.

గోడ అవతల నుంచి మేస్త్రీ తాత వచ్చాడు. పక్కింటి సాయిబు. సాగర్ డ్యాం పనికి వచ్చిన లారీలు బాగుచేసే మనిషి. చదువు రాదు. వంగి చూసి, రెండు వేళ్ళతో రేకు ముక్క పైకి లాగాడు.

"ఏందిది?"

"వదులుగా ఉందని నేనే పెట్టాను తాతా."

"ఎందుకు వదులైందో అడిగావా?"

"ఎవర్ని?"

"దీన్నే," అని బ్యాటరీ మీద తట్టాడు. ప్లస్ కొస లావు, మైనస్ కొస సన్నం. పొరపాటు పడకుండా బిగింపులు కూడా అలాగే చేస్తారట. బండి చెబుతూనే ఉంది, నేను సుత్తితో దాని నోరు మూశాను.

"పుస్తకంలో ఉంది పెద్దమ్మా," అన్నాను.

"ఎల్దుర్తిలో ఆమెను నీ పుస్తకం మోసుకొస్తదా?" అంది పెద్దమ్మ. చానా రోజులు ఆ ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది.

"పిల్లనేమనమాక. ముందు బండి సంగతి చూడనీ," అన్నాడు తాత. బ్యాటరీని మళ్ళీ తిప్పి బిగించాడు. బ్యాటరీకి కరెంటు నింపే డైనమో తీగ కాలిపోయింది. దాన్ని ఊడదీసి గుడ్డ చుట్టాడు. "పగటేళ లైట్లు అక్కర్లా. బ్యాటరీ మీదే పోయిరా తల్లీ. తిరిగొచ్చిందాకా ఇంజను మాత్రం ఆపమాక."

తర్వాత, స్టార్టరుకు బ్యాటరీ ఖర్చు కాకుండా, బండి ముందు నుంచి ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ నా చేతికిచ్చాడు. "నువ్వే తిప్పు. బొటనేలు మిగతా ఏళ్ళ పక్కనే పెట్టు. ఎదురు తన్నిందంటే ఇరుగుద్ది." మూడోసారికి ఇంజను అందుకుంది. పెద్దమ్మ వెళ్ళిపోయింది.

ఏడుపు దిగమింగుకుని పాకలో కూర్చున్నాను. తాత ఇంటికి వెళ్ళకుండా పక్కనే ఒక రాయి మీద కూర్చున్నాడు. "ఆ పుస్తకం తేవే. చదువు, ఇంటా," అన్నాడు. నేను బ్యాటరీ పేజీ తీశాను. "అది కాదు. మొదట్నుంచి." మున్నుడి ఎవరు చదువుతారు? నేనెప్పుడూ చదవలేదు. ఆ రోజు పైకి చదివాను. రాసినాయన యుద్ధం తర్వాత మిగిలిపోయిన అమెరికా లారీల మీద పని నేర్చుకున్నాడట. ఇందులో చెప్పిందంతా వాటి గురించేనని, ఇతర దేశాల బండ్ల పద్ధతి వేరుగా ఉండవచ్చని స్పష్టంగా రాశాడు.

"చూశావా, ఆయన చెప్పాడు. అబద్ధమాడలా," అన్నాడు తాత. "సాగర్‌లో మా లారీలకి నువ్వు పెట్టిందే రైటు." పుస్తకం వైపు వేలు చూపి, "ఇంకా చదువు. గేరుబాక్సు గురించి ఏమన్నాడు?" అని అడిగాడు. రెండు అధ్యాయాలు చదివించుకున్నాడు. ఒకచోట ఆపి, నాకిది తెల్వదే, అన్నాడు. ఇంత పనిమంతుడికి తెలియనిది నా చేతిలోని పుస్తకంలో ఉందని తెలిశాక నా ఏడుపు ఎటు పోయిందో.

ఎండ నడినెత్తికి వస్తుండగా వీధి మలుపులో ఆ ఇంజను చప్పుడు వినబడింది. బండి మా ఇంటి ముందు ఆగలేదు. వెనక సీట్లో దిండుకు ఆనుకుని, పొట్ట మీద చెయ్యేసుకున్న మనిషి కనిపించింది. పెద్దమ్మ మా వైపు చూడకుండానే హారన్ ఒక్కసారి మోగించి ఆసుపత్రి వైపు తిప్పింది. పొద్దు గుంకకముందే ఆడపిల్ల పుట్టింది.

ఆ తర్వాత వందల పుస్తకాలు చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. దేన్నీ మున్నుడి దాటవేసి మొదలుపెట్టలేదు. మూత పట్టకపోయినా, తాళం తిరగకపోయినా, నేను చెప్పింది ఎదుటి మనిషికి ఎక్కకపోయినా, ఇంకాస్త గట్టిగా నొక్కితే సరిపోతుందని అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే నా చెయ్యి ఆగుతుంది. ఎందుకు పట్టడం లేదని ముందు దాన్నే అడుగుతాను.