రోజూ కరెంటు పోయే గది

ఖతర్‌లో చలి ఉంటుందంటే మా ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. ఫోన్‌లో చెబితే మా మరదలు పకపకా నవ్వింది.

"దుబాయ్‌ల చలేంది వదినా? మమ్మల్ని ఎడ్డోళ్లను జేస్తున్నవా?"

గల్ఫ్‌లో ఏ దేశమైనా దానికి దుబాయే. నేనేమో శాలువా కప్పుకుని, మేజోళ్ళు తొడుక్కుని, మంచం మీద ముడుచుకుని ఆ మాట వింటున్నాను.

అప్పుడు మేం మెసైమీర్ అనే పేటలో ఒక పాత విల్లా వెనక గదిలో ఉండేవాళ్ళం, నేనూ ఆపా. ఆపా అంటే అక్క. నేను అలా పిలిచేదాన్ని. హైదరాబాద్ మనిషి, నాకంటే పెద్దది, బుర్ఖాలు కుట్టే దుకాణంలో మిషన్ తొక్కేది. నేను చిన్నపిల్లల బడిలో నేలలు తుడిచేదాన్ని. ఆ దేశానికి గ్యాస్ అమ్మిన డబ్బు వచ్చిపడి ఎటు చూసినా క్రేన్లే లేస్తున్న రోజులు. తలదాచుకోను గది దొరకడమే గొప్ప. నాకు మొగుడు లేడు, ఆమెకూ లేడు. మా ఆయన పోయాక ఊళ్ళో దీపాలు పెట్టే వేళయితే ఇల్లు నన్ను మింగడానికి వచ్చేది. ఇక్కడ ఆ వేళకు ఆపా గొంతు వినబడేది. అందుకే ఆ గదంటే నాకు ప్రాణం.

గదికి రేకుల కప్పు. ఎండాకాలం పెనం, చలికాలం మంచుగడ్డ. కిటికీలో ఏసీ డబ్బా, దాని చుట్టూ వేలు దూరేంత సందులు. ఉత్తరపు గాలి లేచిందంటే పరదా పూనకం వచ్చినట్టు ఊగేది. ఆపాకు మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎర్రగా కాలే హీటర్ ఒకటి తెచ్చుకున్నాం.

విల్లా కాపలా చూసే నాతూర్ కరీంనగర్ వైపు మనిషి. ఒకనాడు మా గది కరెంటు బిల్లు పట్టుకుని వచ్చాడు. అద్దెలోనే కరెంటు, బిల్లు ఓనరే కట్టుకునేవాడు.

"చెల్లె, గీ గదిల ఏమన్న ఫ్యాక్టరీ వెట్టిండ్రా?"

"ఒక్క హీటరే గదన్నా."

"ఒక్క హీటర్‌కు గింత బిల్లా? ఓనర్ గరమైండు. మల్ల గిట్లనే వస్తే హీటర్ మాఫీ, ఉండనే ఉండదన్నడు. నేనే గుంజుకపోవాలె. అప్పుడు నా మీద ఏడ్వద్దు."

అతను వెళ్ళాక ఆపా మోకాళ్ళు రుద్దుకుంటూ అంది, "హీటర్ పోతే నేను గూడ ఊరికి పోత చెల్లె. ఈ సలికి కాళ్లు లేస్తలెవ్వు. మిషన్ నువ్వు దొక్కుతవా?"

నవ్వుతూనే అంది. కానీ మర్నాడు అలమారా మీది సూట్‌కేసు కిందికి దిగింది. దాని దుమ్ము తుడుస్తుంటే చూడలేక నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను.

ఆ వారంలోనే మా బడికి ఒక అమ్మాయి వచ్చింది. ఇంజనీరు. కరెంటు దండగ కాకుండా ఎలా వాడుకోవాలో పిల్లల తల్లులకు చెప్పడానికి వచ్చింది. ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని వెంటపడ్డాను.

"బిడ్డా, తల్లులకు జెప్పినవు. తుడిచేదానికి గూడ జెప్పరాదు?"

"శుక్రవారం ఖాళీగానే ఉంటాను ఆంటీ, మీ గదికే వచ్చి చూస్తాను," అంది. కోస్తా పిల్ల. మాట తప్పలేదు.

వస్తూనే నా అగరుబత్తి అడిగి వెలిగించి ఏసీ సందు దగ్గర పెట్టింది. పొగ వెనక్కి తిరిగి మా ముఖాల మీదికే వచ్చింది. తలుపు కింద పెడితే బయటికి పరుగెత్తింది.

"చూశారా, అటు చలి లోపలికి వస్తోంది, ఇటు మీ వేడి బయటికి వెళ్ళిపోతోంది."

"హయ్యో, గల్లీకి సలి వెడుతదని మనం హీటర్ వెట్టినమా!" అంది ఆపా.

తరవాత ఆ అమ్మాయి స్నానాలగదిలోకి తొంగిచూసింది. గీజర్ మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"దీన్ని ఎప్పుడు ఆపుతారు ఆంటీ?"

"ఆపుడేంది బిడ్డా? కరెంటు పోతే అదే ఆగుతది."

"ఇక్కడ కరెంటు ఎప్పుడు పోయింది?"

నేను ఆపా వైపు చూశాను, ఆపా నా వైపు చూసింది. ఎన్నడూ పోలేదు! మా ఊళ్ళో బావి మోటారుకు మా ఆయన ఆటో స్టార్టర్ పెట్టించాడు. కరెంటు వస్తే అదే నడిచేది, పోతే అదే ఆగేది. మా చేత్తో ఆపేపనే లేదు. ఆ అలవాటుతోనే ఇక్కడికి వచ్చాను. నేను గదిలో దిగిన రోజు నొక్కిన స్విచ్ అలాగే ఉంది, ఎండాకాలం కూడా.

"ఎండాకాలం ఎందుకు ఆంటీ? పైన ట్యాంకులో నీళ్ళే మరుగుతాయిగా."

"ఔ బిడ్డా! గీజర్ ఎంత మంచిదో అని మురిసినం."

ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం. అప్పుడు తెలిసింది ఫ్యాక్టరీ ఎక్కడుందో.

ఇక పనిలో పడ్డాం. ఏసీ సందుల్లో బియ్యం సంచి మడిచి కుక్కాం. దుకాణంలో మిగిలిన గుడ్డపీలికలు కూరి ఆపా నల్లటి పొడుగాటి దిండు కుట్టింది, తలుపు కింద అడ్డం పెట్టడానికి. చూస్తే అచ్చం పామే. మంచాలు బయటి గోడకు దూరంగా జరిపాం. పగలు పరదా తీసి ఎండను రానిచ్చాం. గీజర్ స్నానానికి ముందు వేసి, అయిపోగానే ఆపాలి. హీటర్ మోకాళ్ళ ముందే ఉండాలి, పడుకునేముందు ఆపాలి. అది మాత్రం మరచిపోవద్దని ఆ అమ్మాయి మరీమరీ చెప్పింది.

అన్నీ సరే, ఆపడం గుర్తుండేదెలా? పుట్టి బుద్ధెరిగాక చేయని పని. ఉపాయం ఆపాదే.

"కరెంటు పోకపోతే మనమే తియ్యాలె."

ఆ రోజునుంచి ఆమె చివరి నమాజు చేసుకుని, జానిమాజ్ చాప మడిచి, లేచి కేక వేసేది.

"పోయింది కరెంటు! యల్లా, నడువు, పండుకో!"

"గీ లైన్‌మన్‌కు దయ లేదు," అని నేను తిట్టుకుంటూ లేచి స్విచ్‌లన్నీ ఆపేదాన్ని. గది అప్పటికే వెచ్చబడి ఉండేది, ఆ వెచ్చదనం ఎక్కడికీ పోయేది కాదు. దుప్పటి కప్పుకుంటే సుఖంగా నిద్ర పట్టేది.

తరవాతి బిల్లు పట్టుకుని నాతూర్ ఒక సాయంత్రం వచ్చాడు. అతను గుమ్మం దాటబోయి, నల్లదిండు చూసి అదిరిపడ్డాడు.

"పామనుకున్న గదమ్మా!"

"పామే. ఓనర్ వస్తే కరుస్తది," అంది ఆపా.

అతను నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. "ఫ్యాక్టరీ మూసిండ్రా ఏంది చెల్లె? ఓనర్ బిల్లు జూసి మీటర్ ఖరాబైందా అని అడిగిండు."

"మరి హీటరో?"

"ఉండనియ్యి. నాకు గూడ జర కాళ్లు సాపుకోనియ్యి."

ఆపా సూట్‌కేసు లాగి, మిగిలిన గుడ్డపీలికలన్నీ అందులో కుక్కి, మళ్ళీ అలమారా మీద పెట్టమని నాకు అందించింది. బరువుగానే ఉంది. ఎత్తి పెట్టి, మూడు గ్లాసుల్లో చాయ్ పోశాను. ముగ్గురం హీటర్ చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

"జల్ది తాగన్నా," అన్నాను. "మా దగ్గర కరెంటు పోయే టైమైంది."