థియోడర్ అంటే ఏమిటో తాతగారికి తెలిసింది

ఈ రోజు అమెరికాలో, ట్రాయ్‌లోని మా తెలుగు చర్చిలో ఒక పసివాడికి పేరు పెట్టారు. ఇక్కడ ఆ పేరును ఇంటి పెద్ద లేచి సంఘానికి వినిపించాలి. ఒంగోలు నుంచి వచ్చిన తాతగారు దేవదానం మాత్రం నా పక్క కుర్చీలోంచి కదల్లేదు.

"నా పేరు పెట్టమ్మా అంటే, స్కూల్లో ఎవరికీ నోరు తిరగదందండీ మా అమ్మాయి. థియోడర్ అంట! నేను చెప్పను," అన్నారు.

విలేకరి అలవాటు కొద్దీ ఫోన్‌లో ఒకటికి రెండు చోట్ల చూశాను. గ్రీకు పేరు. అర్థం, దేవుడిచ్చిన కానుక. ఆయనకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని నిదానంగా చదివారు.

"అయితే నా పేరేగా?"

"మీ పేరేనండి."

"మా అమ్మాయికి తెలుసా?"

"తెలిసినట్టు లేదు."

"చెప్పమాకండి. తెలిస్తే మార్చేసుద్ది."

లేచి వెళ్లి, మైకు పక్కకు జరిపి, వెనక వరుసదాకా వినపడేలా పేరు చెప్పారు. నాన్న మెత్తబడ్డారనుకుని కూతురు కళ్లు తుడుచుకుంది.

వార్త దాచడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో లేదన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను. మీరైతే ఆమెకు చెప్పేవారా?