మలుపు లేని రోడ్డు

మొన్న ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర సిటీ బస్సులో నిలబడి చెమటలు కక్కుతున్నాను. డ్రైవరు పాపం రెండో గేరు నుంచి మూడో గేరులోకి పోలేక సతమతమవుతున్నాడు. అతన్ని చూస్తుంటే మా చిన్నాయన గుర్తుకొచ్చాడు. నాచారం మీదుగా సికింద్రాబాదుకు బతుకంతా బస్సు తోలిన మనిషి ఆయన. నాలుగో గేరు వాడక తుప్పు పట్టిందని తన మీద తనే పరాచికాలాడేవాడు. రిటైరయ్యాక కంటి డాక్టరు, చూపు పక్కల నుంచి ముడుచుకొస్తోందనీ, ఇంకో ఏడాదికల్లా ఏ బండి స్టీరింగైనా వదిలేయక తప్పదనీ చెప్పాడు. "అయితే ఏడాది ఉన్నట్టే గద సార్" అని నవ్వి వచ్చేశాడట. ఆ నవ్వు వెనక ఎంత దిగులుందో చిన్నమ్మకు తెలుసు.

అందుకే ఆ చలికాలం ఆమె పట్టుబట్టి మమ్మల్ని జైసల్మేర్‌కు లాక్కెళ్లింది. దేశపు సరిహద్దు పక్కన ఎడారిలో ఊరది. పొద్దుగూకే వేళ ఆ పసుపురాతి కోట బెల్లం పాకంలో ముంచి తీసినట్టుంటుంది. రాతిని లేసులా చెక్కిన పాతకాలపు హవేలీ మేడల ముందు నేనూ చిన్నమ్మా నోళ్లు వెళ్లబెట్టాం, చెరువులో పడవెక్కాం. చిన్నాయన అన్నిటినీ పెళ్లికొచ్చిన చుట్టంలా మర్యాదగా చూసి ఊరుకున్నాడు. ఇసుక తిన్నెల దగ్గర ఒంటె ఎక్కిస్తే మాత్రం నోరు విప్పాడు. అది వెనక కాళ్ల మీద ముందు లేచి ఆయన్ను ముందుకు తోసి, మళ్లీ వెనక్కి గుంజింది. "క్లచ్ తొక్కకుంటనే గేరేసిన్రు దీనికి" అన్నాడు.

మర్నాడు జీపు మాట్లాడుకుని, సైనికులే పూజలు చేసే సరిహద్దు అమ్మవారి గుడికి బయలుదేరాం. ఊరు దాటాక మొదలైంది రోడ్డు. బట్టలారేసే తాడు బిగించి కట్టినట్టు సూటిగా, ఒక్క మలుపు లేకుండా పోతోంది. ఆటో లేదు, బర్రె లేదు, స్పీడు బ్రేకరు లేదు. ముందు సీట్లో చిన్నాయన నిటారుగా కూర్చున్నాడు. ఆయన పాదం ఖాళీ నేల మీద యాక్సిలరేటరు తొక్కుతూనే ఉంది. అది చూసి జీపు తోలే కుర్రాడు నవ్వి, ఏం పని చేసేవారని అడిగాడు. చిన్నాయన తన హైదరాబాదీ ఉర్దూలో, కళ్ల సంగతి కూడా దాచకుండా అంతా చెప్పాడు. ఆ కుర్రాడు వింటూనే వేగం తగ్గించాడు. తర్వాత జీపు ఆపి, దిగి, తన వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"నీ కండ్లేం మంచిగున్నయని తోల్తవయ్యా?" అంది చిన్నమ్మ.

"పక్కలకు కనబడకుంటేంది? గీడ పక్కలకు ఏమున్నది?" అని ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు.

నాలుగో గేరు పడింది, ఐదో గేరూ పడింది. ఇంతలో దూరంగా రోడ్డువార ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. అంతే, జీపు కుదుపన్నది లేకుండా వెళ్లి, తలుపు సరిగ్గా ఆమె ముందుకొచ్చేలా ఆగింది. "జర లోపలికి జరగున్రి" అన్నాడు చిన్నాయన, మా వైపు తిరక్కుండానే. ఆమె తెల్లబోయి చూసింది. తీరా చూస్తే ఆమె చెయ్యెత్తింది మమ్మల్ని ఆపడానికి కాదు, రోడ్డు పక్కనున్న తన మేకల్ని అదిలించడానికి. మా అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నాయనే.

గుడిలో మొక్కుకుని ఇంకాస్త ముందుకు పోతే రోడ్డుకు అడ్డంగా గేటు, గేటు దగ్గర ఒక సైనికుడు. అనుమతి లేనివాళ్లకు అక్కడితో సరి. చిన్నాయన గేటుకు చాలా ఇవతలే బండిని పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. రోడ్డు మాత్రం అవతలికి అంతే సూటిగా పోతోంది. ఇంకొంచెం పోనిస్తారేమో అడగనా అన్నాను.

"ఒద్దు బిడ్డ. నన్నెవ్వలు ఆపలే, నేనే ఆపిన. గది సాలు" అని తాళం చెవి కుర్రాడి చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. కాలం ఎవరినైనా ఏదో ఒక స్టేజీలో అడక్కుండానే దింపేస్తుంది. మా చిన్నాయన మాత్రం అది బెల్లు కొట్టకముందే, నవ్వుతూ తనంతట తాను దిగాడు.